ఉమ్మే కప్పు: డ్రై రీస్లింగ్‌తో పదేళ్లు

నాకంటే ముందు నా పళ్లు రిటైరయ్యాయి. ఈ వేసవిలో మా డెంటిస్టు నా నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, "మీరు రోజూ నిమ్మకాయలు నములుతారా?" అని అడిగింది. నిమ్మకాయలు కాదు, రీస్లింగ్ వైన్ అన్నాను. పదేళ్లుగా రోజూ నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తున్నాను. పుక్కిలించినప్పుడల్లా ఆ పులుపు పంటి మీది గట్టి పొరను కొంచెం కొంచెంగా కరిగించింది. ఈ పని ఆపితే ఉన్న పళ్లు నిలుస్తాయి, లేకపోతే లేదు అని ఆవిడ తేల్చేసింది. అందుకే 2015 ద్రాక్ష కోతలు అవగానే, ముప్ఫై ఐదో ఏట, నేను వైన్ పని నుంచి తప్పుకున్నాను. ఇప్పుడు నీళ్లు శుభ్రం చేసే యంత్రాల కంపెనీలో ఇంజనీరుని. నీళ్లకు పులుపు ఉండదు.

ఇది రాయడానికి కారణం మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్‌టన్ హిల్స్‌లోని మా తెలుగు చర్చిలో ఒక కుర్రాడు. ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. ఆరాధన అయ్యాక పులిహోర ప్లేటుతో పక్కకు వచ్చి, "అన్నా, వైనరీలో జాబ్ అంటే అసలేం చేస్తారు? రోజంతా తాగుతూ ఉంటారా?" అని గొంతు తగ్గించి అడిగాడు. పులిహోర అయిపోయింది కానీ జవాబు అవలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. వీసా సంగతులూ జీతం సంగతులూ వదిలేస్తున్నాను. అవి ఏ ఉద్యోగానికైనా ఒకటే.

ముందు కడగడం

నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివాను. 2005లో మిషిగన్ ఉత్తరాన, ట్రావర్స్ సిటీ దగ్గర సరస్సులోకి చొచ్చుకుపోయిన ఒక సన్నటి భూభాగం మీద, చిన్న వైనరీలో ల్యాబ్ ఉద్యోగం దొరికింది. దాని యజమానురాలు నోరా. భర్త పోయాక చెర్రీ తోటను సగం కొట్టించి ద్రాక్ష వేసిన మనిషి. వైన్ చేసేది వాల్ట్. అప్పటికే అరవై దాటాయి, గొంతు మాత్రం ట్రాక్టరు గొంతు. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వాల్ట్ తెలుగువాడై పుట్టి ఉంటే ఇలాగే మాట్లాడేవాడని నా నమ్మకం.

మొదటి రోజు ల్యాబ్ కోటు వేసుకుని వెళ్లాను. వాల్ట్ నా చేతికి రెండు వస్తువులు ఇచ్చాడు: నేల తోమే బ్రష్షు, ఒక కాగితం కప్పు.

"ఇది కడగడానికి. ఇది ఉమ్మడానికి. మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే," అన్నాడు.

నిజంగానే ఆ పనిలో ఎక్కువ భాగం కడగడమే. ట్యాంకు, గొట్టం, పంపు, నేల, మళ్లీ ట్యాంకు. వైన్ చెడిపోయిన ప్రతిసారీ కారణం వెతికితే సరిగ్గా కడగని ఏదో ఒక గొట్టం మూల దొరికేది. కెమిస్ట్రీ తెలిసినవాడు కాబట్టి మనం తోమక్కర్లేదని అనుకునేవాళ్లు ఈ పనిలోకి రావద్దు.

రెండో వస్తువు మావాళ్ల దగ్గర సమస్య తెచ్చింది. మా చర్చిలో తాగుడు మాట ఎత్తితేనే ముఖాలు మారతాయి. ఉద్యోగం గురించి తెలిసిన వారంలోనే అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, నన్ను పక్కకు పిలిచారు.

"ఏం బాబూ ప్రసాదూ, అక్కడ తాగుతావా?"

"లేదండి అయ్యగారూ. నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను."

"మొత్తం ఉమ్మేస్తావా?"

"మొత్తమండి."

"అయితే ఇప్పుడు నేనేం అనను. మింగిన రోజు నువ్వే వచ్చి చెప్పు. ఇంకొకళ్ల నోటి వెంట నేను వినకూడదు," అన్నారు.

అలాగేనన్నాను. ఆ తర్వాత పదేళ్లు నేను ఒక్క గుక్క మింగలేదు. ఇందులో భక్తి ఎంతో, మొండితనం ఎంతో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

కాయ

రీస్లింగ్ చలిదేశపు ద్రాక్ష. మా దగ్గర అది బతకడానికి కారణం సరస్సు. చలికాలం చల్లబడిన నీళ్లు వసంతంలో ఒక పట్టాన వేడెక్కవు. పక్కనున్న తోట కూడా చల్లగానే ఉండి, చిగుళ్లు ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యం వల్ల చివరి మంచు దెబ్బ తప్పుతుంది. ఎండాకాలమంతా కాగిన నీళ్లు శరదృతువులో తొందరగా చల్లారవు. అందుకే చుట్టుపక్కల ఆకులన్నీ రాలిపోయాక కూడా మా కాయ తీగ మీదే ఉండి, అక్టోబరు చివరిదాకా నెమ్మదిగా పండుతుంది. తోట ఏటవాలు మీద ఉండాలి. చలిగాలి కూడా నీళ్లలాగే పల్లానికి పారుతుంది, పల్లంలో వేసిన తీగ ముందు చస్తుంది.

గుత్తి చిన్నది, కాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుగ్గా ఉంటాయి. వాన పడితే లోపలి కాయ కుళ్లుతుంది, బయటికి కనపడదు. అందుకని గుత్తుల దగ్గర తూర్పువైపు ఆకులు తుంచేస్తాం. పొద్దుటి ఎండ మంచును ఆరబెడుతుంది. పడమటివైపు ఆకులు మాత్రం ఉంచాలి, లేకపోతే మధ్యాహ్నపు ఎండకు కాయ కమిలిపోతుంది. మొదటి ఏడు నేను రెండువైపులా తుంచేశాను. వాల్ట్ ఆ వరసకు నా పేరు పెట్టాడు, కాయ కమిలిన ప్రతి ఏడూ ఆ పేరు తలుచుకున్నాడు.

పండిందో లేదో చూడడానికి నా దగ్గర పరికరాలు ఉండేవి: చక్కెర కొలిచేది ఒకటి, పులుపు కొలిచేది ఒకటి. వాల్ట్ ఒక కాయ నోట్లో వేసుకుని గింజ నమిలేవాడు. గింజ గోధుమరంగుకు తిరిగి పటుక్కున విరిగితే కోత, ఆకుపచ్చగా ఉండి మెత్తగా నలిగితే ఇంకా ఆగాలి. మా ఇద్దరి లెక్కలూ చాలాసార్లు కలిసేవి. కలవనప్పుడు ఇద్దరం రెండు రోజులు ఆగేవాళ్లం. అంతకన్నా తెలివైన పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు.

రసం

గుత్తిని తొడిమలతో సహా మెల్లగా పిండాలి. గట్టిగా పిండితే తొక్కలోని వగరు దిగుతుంది. రసాన్ని ఒక రాత్రి చల్లగా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన రసాన్ని వేరే ట్యాంకులోకి మార్చి ఈస్ట్ వేస్తాం. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. దాన్ని చల్లగా, నెమ్మదిగా, వారాల తరబడి తిననివ్వాలి. ఒకసారి ట్యాంకుల గదిలో జామపండు కోసినట్టు ఘుమఘుమలాడుతుంటే, నేను సంబరంగా వాల్ట్‌ని పిలిచాను. ఆయన వచ్చి చల్లదనం ఇంకా పెంచాడు.

"గదిలో బాగుందంటే సీసాలో ఉండాల్సింది బయటికి పోతోందని. మనం గదిని అమ్మం," అన్నాడు.

ఈస్ట్ చక్కెర మొత్తం తినకముందే ట్యాంకును బాగా చల్లబరిచి ఆపేస్తే వైన్ తియ్యగా మిగులుతుంది. ఆపకుండా చివరిదాకా తిననిస్తే తీపి పోతుంది, అదే డ్రై. చెప్పడానికి ఇంతే. కానీ రీస్లింగ్‌లో పులుపు ఎక్కువ. తీపి ఉన్నంతసేపూ అది దాక్కుని ఉంటుంది. తీపి తీసేస్తే ఒక్కసారిగా ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఏడో ట్యాంకు

నోరా రీస్లింగ్ అంతా తియ్యగానే అమ్మేది. వేసవిలో సరస్సు చూడడానికి వచ్చేవాళ్లు ఐస్‌క్రీం తింటూ వచ్చి, తియ్యటిది రుచి చూసి, కారు డిక్కీలో వేసుకుని వెళ్లేవాళ్లు. వాల్ట్ మాత్రం ప్రతి కోతకూ ఒకటే మాట ఎత్తేవాడు: ఒక్క ట్యాంకు డ్రైగా చేయనివ్వు. ప్రతిసారీ కాదనేది. 2009లో, వచ్చే వసంతంలో తాను రిటైర్ అవుతున్నానని వాల్ట్ చెప్పాడు. అప్పుడు నోరా ఒప్పుకుంది.

"ఏడో ట్యాంకు నీది. మార్చిలో బాట్లింగ్‌కి ముందు నేను రుచి చూస్తాను. ఉమ్మే కప్పు నా పక్కనే ఉంటుంది. ఉమ్మానంటే అదే రోజు తీపి రసం కలిపెయ్యాలి. మింగానంటే అలాగే సీసాల్లో పోసుకో."

తర్వాత తీపి కలపడానికని పులియబెట్టని రసం కొంత చల్లటి గదిలో దాచి ఉంచడం మా దగ్గర మామూలే. కాబట్టి అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. నోరా వైన్ మింగడం నేనెప్పుడూ చూడలేదు. వాల్ట్‌కి ఇంకో కోత లేదు. చేయాలనుకున్న వైన్ ఆ ఒక్క ట్యాంకులోనే చేయాలి.

పైగా ఆ ఏడు వేసవి సరిగ్గా రాలేదు. కాయలో పులుపు విరగలేదు.

కోతల చివర్లో, మిగిలిన వరసల్లో కోసుకోవడానికి మా చర్చివాళ్లను పిలిచాను. ద్రాక్షపళ్లు తినడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కదా. రెండు వ్యాన్లలో వచ్చారు. అందరికంటే ముందు దిగింది సుజాత ఆంటీ. కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు, చర్చి వంటలకు పెద్ద దిక్కు. ఒక కాయ నోట్లో వేసుకుని కళ్లు చిట్లించింది.

"ఇదేంట్రా ప్రసాదూ, చింతకాయ తిన్నట్టుంది. దీనికా నాలుగు గంటలు డ్రైవ్ చేయించావ్?"

"ఈ ఏడు ఇంతే ఆంటీ. ఎండల్లేవు."

"సర్లే, ఉండు. ఏవండీ, వ్యాన్‌లో నా హ్యాండ్‌బ్యాగ్ ఉంది, కాస్త పట్రండి."

బ్యాగులోంచి ఉప్పూకారం కలిపిన చిన్న డబ్బా తీసింది. దారిలో పుల్లటి యాపిల్స్‌కని తెచ్చుకున్నదట. ఒక్క క్షణంలో ఆ డబ్బా చుట్టూ అందరూ చేరారు. ద్రాక్షకాయ కొరకడం, ఉప్పులో అద్దడం, మళ్లీ కొరకడం. పులుపని తిట్టిన నోళ్లే బుట్టలు ఖాళీ చేస్తున్నాయి. వాల్ట్ వచ్చి కాసేపు చూశాడు. ఆంటీ ఆయన చేతికి కూడా ఒక కాయ అద్ది ఇచ్చింది. తిన్నాడు, దగ్గాడు, ఇంకోటి అడిగాడు.

"మీరు పంచదార అద్దుకోరా?" అన్నాడు.

"వై షుగర్?" అంది ఆంటీ. "సోర్‌కి సాల్ట్. షుగర్ ఈజ్ ఫర్ కిడ్స్."

అప్పటికి అందరం నవ్వుకున్నాం. అంతకుమించి ఆలోచించలేదు.

సుద్ద

జనవరికి ఏడో ట్యాంకు పూర్తిగా డ్రై అయింది. వాసన అద్భుతంగా ఉంది: నిమ్మతొక్క, పచ్చి యాపిల్, వాటి వెనకాల తడిబట్టతో తుడిచిన పలక వాసన. చిన్నప్పుడు బళ్లో పలక తుడిచినవాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. మంచి డ్రై రీస్లింగ్ గుర్తు అదే. కానీ నోట్లో పోసుకుంటే దవడలు రెండూ బిగుసుకుపోతున్నాయి.

నేను ఇంజనీరు పని చేశాను. లెక్క కట్టాను. పులుపు ఇంత, కావాల్సింది ఇంత, పులుపును విరిచే సుద్ద పొడి ఇంత వేస్తే సరిపోతుంది. లెక్క తప్పు లేదు.

"ట్యాంకులో వద్దు. సీసాలో వేసి చూడు," అన్నాడు వాల్ట్.

సీసాలో వేశాను. అంకె సరిగ్గా నేను చెప్పిన చోట ఆగింది. రుచి చూస్తే పులుపుతో పాటు నిమ్మ పోయింది, యాపిల్ పోయింది, పలకా పోయింది. చప్పటి నీళ్లు మిగిలాయి. ఈ వైన్‌లో అన్నీ పులుపునే పట్టుకుని నిలబడి ఉన్నాయి. దాన్ని లాగేస్తే మొత్తం కూలిపోతుంది. వాల్ట్ ఆ సీసాను సింకులో ఒంపి కడిగాడు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదొక్కటి గట్టిగా చెబుతాను: ఒక అంకె తప్పుగా కనిపిస్తే, దాని మీద ఏమేం ఆధారపడి ఉన్నాయో చూడకుండా దిద్దవద్దు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని, ఆదివారం మిగిలిన చేపల వేపుడు తింటున్నాను. నోరు కడుక్కోకుండా వైన్ రుచి చూడకూడదు. మేము ఉప్పు లేని బిస్కెట్ ముక్క కొరికి, నీళ్లతో పుక్కిలించి, అప్పుడే చూసేవాళ్లం. ఆ రోజు ఏదో ధ్యాసలో చేప తిన్న నోటితోనే ఏడో ట్యాంకు శాంపిల్ పోసుకున్నాను. దవడ బిగుసుకోలేదు. పులుపు అంతే ఉంది, కానీ కోయడం లేదు. చేప మీద నిమ్మకాయ పిండినట్టు ఉంది. నిమ్మకాయ వెనకాల పండు మొత్తం వినయంగా వరసలో వస్తోంది.

వాల్ట్‌ని పిలిచాను. చేప తినిపించి, వైన్ ఇచ్చాను. ఆయన చాలాసేపు పుక్కిలించి ఉమ్మాడు.

"ఆ బ్రేకుల ఆవిడ చెప్పనే చెప్పింది. మనం ఇన్నేళ్లూ ఉప్పు లేని బిస్కెట్టు తిని తీర్పులిస్తున్నాం," అన్నాడు. కప్పు పక్కన పెట్టి, "నోరాకి ఇది చెప్పకు. చెబితే వాదిస్తుంది. తినిపిద్దాం."

నోరా

మార్చిలో ఆ రోజు రానే వచ్చింది. బయట ఇంకా మంచు. ట్యాంకు పక్కన తీపి రసం డ్రమ్ము, గొట్టం తగిలించి సిద్ధంగా ఉన్నాయి. వాల్ట్ పొద్దున్నుంచీ ఎవరినీ తిట్టలేదు. అది చూసి నాకు భయం వేసింది. నేను వెనక గదిలో ఎలక్ట్రిక్ పొయ్యి మీద సరస్సు చేప ముక్కలు వేయిస్తున్నాను. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి. మా కాకినాడ వైపు వేపుడు.

నోరా వచ్చింది. వాసన పీల్చింది. ఖాళీ నోటితో, నిలబడి, పద్ధతిగా రుచి చూసింది. కళ్లు చిన్నవయ్యాయి. కప్పు అందుకుని ఉమ్మింది.

"సారీ వాల్ట్," అంది. నిజంగానే బాధపడుతూ అంది.

వాల్ట్ డ్రమ్ము వైపు చూశాడు. నేను అప్పుడే పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి?"

"లంచ్," అన్నాను.

"నాకు లంచం పెడుతున్నారా?"

"ఒప్పందం అయిపోయింది కదా. ఇప్పుడు పెడితే లంచం ఎందుకవుతుంది?" అన్నాడు వాల్ట్.

ఆవిడ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. నిలబడే ఒక ముక్క చేత్తో తీసుకుంది, తర్వాత ఇంకోటి. ముళ్లు పెట్టడానికి చోటు లేక, తాను ఉమ్మిన కప్పులోనే వేసింది. మూడో ముక్కకు కారం తగిలింది. చేతికి అందింది ఆ వైన్ గ్లాసే. ఎత్తి తాగింది. మళ్లీ చేప, మళ్లీ గ్లాసు. మేమిద్దరం ఆవిడ గొంతు వైపే చూస్తున్నాం.

"ఏంటలా చూస్తారు?"

"మింగావు," అన్నాడు వాల్ట్.

"చేప తింటే ఎవరైనా మింగుతారు."

"నేనూ అదే అంటున్నాను నోరా."

ఆవిడ ఖాళీ గ్లాసు చూసింది, కప్పు చూసింది. కప్పు నిండా ముళ్లే.

"నా దగ్గరికి వచ్చేవాళ్లు షార్ట్స్ వేసుకుని, ఐస్‌క్రీం తింటూ వస్తారు. వాళ్లకు చేప ఎవడు వండిపెడతాడు? నువ్వా? వచ్చే నెల నువ్వుండవు," అంది. అప్పుడు నా వైపు తిరిగి, "ఆ డ్రమ్ము చల్లటి గదిలో పెట్టెయ్. ఇంకా ముక్కలున్నాయా?" అంది.

వాల్ట్ గొట్టం విప్పి, వాడని గొట్టాన్నే పది నిమిషాలు కడిగాడు.

అమ్మకం సంగతి

అది వెంటనే అందరికీ నచ్చిందని చెబితే అబద్ధం. మొదటి వేసవి వచ్చినవాళ్లలో చాలామంది మొహం చిట్లించి తియ్యటిదే కొన్నారు. కౌంటర్ మీద ఉప్పు వేసి వేయించిన బాదంపప్పు గిన్నె పెట్టాక కొంచెం మారింది. ఊళ్లో చేపలు వండే రెండు చిన్న హోటళ్లు తీసుకోవడం మొదలుపెట్టాక ఇంకొంచెం మారింది. మరుసటి కోతకు నోరా తనే ఏడో ట్యాంకు డ్రై అని బోర్డు మీద రాసింది. ఆవిడ గురించి నా అభిప్రాయం: ఆ కఠినమైన షరతు పెట్టకపోయి ఉంటే మేము ఆ వైన్ గురించి అంత ఆలోచించేవాళ్లం కాదు. తేలిగ్గా ఒప్పుకునే యజమాని దగ్గర పని సుఖంగా ఉంటుంది, నేర్చుకునేది తక్కువ. వాల్ట్ గురించి: ఒక్క ముక్క రాసిపెట్టేవాడు కాదు, గొట్టాల విషయంలో మనుషుల్ని అవమానించేవాడు, ఆయన లేని కోతల్లో ప్రతి రోజూ ఆయనను తలుచుకున్నాను.

మింగడం

నేను పని మానేసిన వారం వాల్ట్ తన ఇంటికి భోజనానికి పిలిచాడు. నోరా కూడా వచ్చింది. చేప నేనే వేయించాను. వాల్ట్ సెల్లార్‌లోంచి ఏడో ట్యాంకు సీసా తెచ్చాడు, 2009ది. అలవాటుగా నా పళ్లెం పక్కన కాగితం కప్పు పెట్టాడు.

ఆరేళ్లలో వైన్ పసుపు తిరిగింది. వాసనలో కిరోసిన్ స్టవ్ ఛాయ వచ్చింది. నిల్వ ఉన్న రీస్లింగ్‌కి అది లోపం కాదు, కొత్తవాళ్లు భయపడి పారబోయొద్దు. దాని కింద తీపి లేని తేనె, నిమ్మతొక్క, అదే తడి పలక. ఇదంతా ముక్కు చెప్పింది. నోటికి డెంటిస్టు చెప్పింది ఒకటే: భోజనంతో అయితే ఒక గ్లాసు పరవాలేదు, పుక్కిలించడం మాత్రం కూడదు.

పుక్కిలించకూడదంటే మిగిలింది ఒకటే దారి.

చేప ముక్క తిన్నాను. గుక్క తీసుకున్నాను. మింగాను.

పదేళ్లు నేను రాసిన రుచులన్నీ నాలుక చివర ఆగిపోయినవే. గొంతు దిగాక ఇంకా ఉందని నాకు తెలియదు. లోపల సన్నటి వెచ్చదనం. తర్వాత, అంతా అయిపోయిందనుకున్నాక, పులుపు వెనక్కి తిరిగి వచ్చి, నోరంతా ఊరించి, ఇంకో ముక్క చేప అడిగింది. ఈ వైన్ ఉన్నదే దీనికోసమని నాకు తప్ప ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు.

"ఎలా ఉంది?" అన్నాడు వాల్ట్.

"ముందు చేప ఇలా జరుపు," అన్నాను. "ఆదివారం అయ్యగారికి చెప్పాలి. సరిగ్గా చెప్పాలంటే గ్లాసు పూర్తి చేయాలి."